కార్డులో తెలిసిన కూర ఒక్కటే

ఆ రోజుల్లో ఇండియన్ రెస్టారెంటు అనే బోర్డు కనిపిస్తే నాకు ఒళ్లు మండేది. ఎనభైల మొదట్లో సంగతి. మేం అమెరికాలో, డాలస్ పక్కనున్న ప్లేనోలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. డాలస్ మొత్తం గాలించినా అలాంటి రెస్టారెంట్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. దేనికి వెళ్లినా అదే మెనూ కార్డు. అందరూ కలిసి ఒకే ప్రెస్సులో అచ్చు వేయించుకుని తలా ఒక కట్ట పంచుకున్నారేమో అనిపించేది. సమోసాతో మొదలు, గులాబ్ జామూన్‌తో ఆఖరు. మధ్యలో తందూరీ చికెన్, పాలకూరలో మునిగిన పనీరు, ఎర్రటి నూనె తేలే మాంసం.

మొదటిసారి వెళ్లినప్పుడు అమాయకంగా పెరుగన్నం ఉందా అని అడిగాను. వెయిటర్ నన్ను ఎగాదిగా చూశాడు. ఒక గిన్నెలో కీరదోస ముక్కలు తేలుతున్న పెరుగు, ఇంకో గిన్నెలో జీలకర్ర వేసి వండిన అన్నం తెచ్చిపెట్టి, కలుపుకోమని చేత్తో సైగ చేశాడు. కలుపుకున్నాను. జీలకర్ర పంటి కింద పడ్డప్పుడల్లా కోపం నషాళానికి అంటింది. ఇన్ని కోట్లమందిమి ఉన్నామే, మా పప్పుకీ పులుసుకీ పచ్చడికీ ఆ కార్డులో ఒక్క లైను చోటు దొరకలేదా అని ఇంటికొచ్చేదాకా డ్రైవ్ చేస్తూ తిడుతూనే ఉన్నాను. మా ఆవిడ పక్క సీట్లో కూర్చుని, కిటికీలోంచి బయటికి చూస్తూ వింది.

ఆ తిట్లు పోనుపోను ఉపన్యాసమయ్యాయి. ఆదివారాలు నాలుగైదు తెలుగు కుటుంబాలవాళ్లం ఎవరో ఒకరి ఇంట్లో చేరేవాళ్లం. పేకముక్కలు పంచడం ఆలస్యం, నేను అందుకునేవాణ్ణి. వీళ్ల లెక్కలో ఇండియా అంటే పంజాబు, దానికి కింద అంతా సముద్రమే అనేవాణ్ణి. మగవాళ్లంతా తలలూపేవాళ్లు. ఒకాయన ఇడ్లీ గురించి, ఇంకొకాయన చేపల పులుసు గురించి నిట్టూర్చేవాళ్లు. పిల్లలు పిజ్జా అడిగేవాళ్లు.

ఇక్కడ మా ఇంటి సంగతి కూడా చెప్పాలి. నాది గుంటూరు జిల్లా. మా ఆవిడ పుట్టి పెరిగింది హైదరాబాదులో. పెద్దలు కుదిర్చిన పెళ్లే. కొత్తలో ఒకరోజు తను పచ్చిపులుసు చేసింది. చింతపండు రసంలో ఉల్లిపాయ ముక్కలూ కాల్చిన మిరపకాయలూ పిసికి, గిన్నె అలాగే తెచ్చి నా ముందు పెట్టింది. పొయ్యి ఎక్కని పులుసు కూడా ఒక పులుసేనా అని నవ్వాను. తనూ నవ్వింది. బగారా అన్నం వండితే, ఇదేం పలావు, వెతికితే ముక్క దొరకదు అన్నాను. సర్వపిండి చేస్తే అట్టుకు చిల్లులు పడ్డాయేమిటి అన్నాను. వేళాకోళమే కదా అనుకున్నాను. ఏడాది తిరక్కుండానే మా ఇంట్లో ఏడు రోజులూ మా అమ్మ వంటే: ముద్దపప్పు, కందిపొడి, ఆవకాయ, ఎవరైనా ఇండియా నుంచి తెస్తే గోంగూర. మా అమ్మకు ఉత్తరాలు రాసి మరీ నేర్చుకుంది. అంత త్వరగా నేర్చుకున్నందుకు స్నేహితుల దగ్గర మెచ్చుకున్నాను కూడా.

మా ఆఫీసు చిన్నది. మంచినీటి పైపులైన్లు డిజైన్ చేసే కంపెనీ. అందులో ఇండియావాణ్ణి నేనొక్కణ్ణే. మా బాసుకు తందూరీ చికెనంటే ప్రాణం. నేను చేరిన వారంలోనే, "ఇది మీ ఇంట్లో తరచూ చేసుకుంటారా?" అని ఆత్రంగా అడిగాడు. ఇండియాలో ఉన్నన్నాళ్లూ నేను ఆ ఎర్రకోడి మొహం చూసి ఎరగనని చెప్పాల్సింది. కొత్త ఉద్యోగం, గ్రీన్‌కార్డు కాగితాల మీద పడాల్సింది ఆయన సంతకం. "అప్పుడప్పుడు" అన్నాను.

ఒక అబద్ధం ఆడాక దాన్ని మేపడం తప్పదు. ఆ తర్వాత ఆఫీసులో తిండి గురించి ఎవరికి ఏ అనుమానం వచ్చినా నా టేబుల్ దగ్గరికే వచ్చేవాళ్లు. నాన్‌కీ పరాఠాకీ తేడా ఏమిటి? ఈ పసుపుపచ్చ కూరలో ఏం వేస్తారు? నోటికొచ్చింది చెప్పేవాణ్ణి. అడిగేవాళ్లకు తెలియదు గనక నేను చెప్పిందే వేదం. ఏ చెట్టూ లేనిచోట ఆముదం చెట్టే మహావృక్షం అంటారు కదా, నా పాండిత్యం అలాంటిదే. ఆదివారం తిట్టిన కార్డునే సోమవారం మా తాతముత్తాతల ఆస్తిలాగా వర్ణించేవాణ్ణి. సిగ్గు మాట అటుంచి, ఆ గౌరవం నాకు బాగానే ఉండేది.

అలా రెండేళ్లు గడిచాక ఒక ఆదివారం మధ్యాహ్నం బాసు మమ్మల్నిద్దర్నీ భోజనానికి పిలిచాడు. ఆయన భార్య కూడా వచ్చింది. చిన్నపిల్లల బడిలో టీచరు, మాట మెత్తన. ఇండియన్ రెస్టారెంటులో అడుగు పెట్టడం అదే మొదటిసారట. ఇన్నాళ్లూ ఎందుకు రాలేదో కూర్చున్న వెంటనే చెప్పింది.

"నాకు బాదం, జీడిపప్పు, అక్రోటు లాంటివేవీ పడవు. చిన్నప్పుడు ఒక కేకు ముక్క తిన్నాను. గొంతు మూసుకుపోయింది. ఆస్పత్రికి చేరడం ఇంకాస్త ఆలస్యమైతే బతికేదాన్ని కాదన్నారు. అందుకే తెలియని వంట జోలికి పోను. కొబ్బరి ఒక్కటి మాత్రం పడుతుంది."

"మనవాడు పక్కనుండగా ఇవాళ భయమెందుకు?" అని బాసు తన కార్డు మూసి నా ముందుకు తోశాడు. "నువ్వే చెప్పు. నీ వంట కదా."

కార్డు తెరిచాను. నాకు అక్షరాలు తెలుసు, వాటి వెనక ఏముందో తెలియదు. ఈ కోఫ్తాలో ఏం కూరుతారు? ఈ మఖనీలో ఏం కలుపుతారు? ఎదురుగా ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, క్లాసులో బుద్ధిగా కూర్చున్న పిల్లలాగా నా వంక చూస్తోంది. వేలు ఒక్కొక్క లైను మీదుగా కిందికి జరుపుతుంటే నవరత్న కుర్మా అనే పేరు కనిపించింది. కుర్మా! ప్రాణం లేచొచ్చింది. గుంటూరులో చదువుకునే రోజుల్లో హోటల్లో పూరీలోకి వేసిన కుర్మా ఎన్ని వందలసార్లు తిని ఉంటాను. బంగాళాదుంప, కారెట్, బఠానీ, కొబ్బరీ గసగసాలూ నూరిన ముద్ద. ఆ కార్డు మొత్తంలో నాకు ముఖపరిచయమున్న కూర అదొక్కటే.

"ఇది తీసుకోండి" అన్నాను. "కూరగాయలూ కొబ్బరీ. కారం కూడా ఉండదు."

"నాకు పడనివేమీ ఉండవు కదా?"

"ఉండవు" అన్నాను. రెండేళ్లుగా ఆఫీసులో ఏ గొంతుతో చెబుతున్నానో అదే గొంతుతో.

మా ఆవిడ బల్ల కింద నా మోకాలి మీద చెయ్యి వేసింది. తనకు ఇంగ్లీషు బాగానే అర్థమవుతుంది, మాట్లాడటానికే బెదురు. మెల్లిగా తెలుగులో అంది.

"ఏమండీ, జర వెయిటర్ని అడుగుండ్రి. మా దిక్కు కుర్మాల జీడిపప్పు నూరి ఏస్తరు. బాదం గూడ ఏస్తరు. ఆమెకు పడదంటున్నది గదా."

పరాయివాళ్ల మధ్య తెలుగు మాకొక తెర. మొహం మీద నవ్వు చెరగనీకుండా ఎంత మాటైనా అనుకోవచ్చు. నేను అలాగే నవ్వుతూ, "నువ్వూరుకో. అది మీ నవాబుల కుర్మా. అందరూ అలా తగలెయ్యరు" అన్నాను. తను చెయ్యి తీసేసింది.

వెయిటర్ వచ్చాడు. ఇందులో జీడిపప్పు ఉందా అని ఒక్క ముక్క అడిగితే సరిపోయేది. కానీ బాసు అప్పటికే అతనితో, "జాగ్రత్తగా వండమను. ఇవాళ మా టేబుల్ దగ్గర ఎక్స్‌పర్ట్ ఉన్నాడు" అని నా భుజం తట్టాడు. అలా తట్టించుకున్నవాడు అంతలోనే కూరలో ఏముందని వెయిటర్ని ఎలా అడుగుతాడు? ఆర్డరు చెప్పేశాను.

ఇరవై నిమిషాలకు కూర వచ్చింది. చూడగానే తేడా తెలిసిపోయింది. మా కుర్మా పచ్చగా, గరుకుగా ఉంటుంది. ఇది తెల్లగా, నున్నగా, పైన మీగడ గీతలతో ఉంది. కిస్‌మిస్‌లు, అనాసపండు ముక్కలు కూడా ఉన్నాయి. గబగబా ఒక చెంచా నోట్లో వేసుకున్నాను. తియ్యగా ఉంది. నాలుక మీద వెన్నలా పరుచుకుంది. కొబ్బరి జాడ లేదు.

ఆమె ఇంకా మొదలుపెట్టలేదు. ఒళ్లో గుడ్డ సర్దుకుంటోంది. నాకు సమయం ఉంది. ఇన్నేళ్ల తర్వాత కూడా నన్ను నిద్రపోనివ్వనిది అదే, నాకు సమయం ఉంది. ఆ తియ్యదనం మీగడదే అయి ఉంటుందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

"తియ్యగున్నదా?" అంది మా ఆవిడ, నా మొహం చూసి. "గది జీడిపప్పేనండీ. చెప్పుండ్రి ఆమెకు. ఒద్దని చెప్పుండ్రి."

"నోరు మూసుకుని తిను" అన్నాను. ఈసారి కూడా నవ్వుతూనే.

మా ఆవిడ కుర్చీ వెనక్కి జరిపి లేచింది. పెళ్లయిన నాలుగేళ్లలో నేను వద్దన్న పని తను చేయడం అదే మొదటిసారి. ఎవరికీ ఏమీ చెప్పకుండా, చీర కుచ్చిళ్లు ఒక చేత్తో పట్టుకుని, హాలు అవతలి చివర బిల్లు రాస్తున్న వెయిటర్ దగ్గరికి గబగబా నడిచింది. నాకు హిందీ పొడిపొడిగా వచ్చు. తనకు ఉర్దూ మంచినీళ్లప్రాయం. తను ఏదో అడగడం, అతను కలం ఆపి వినడం కనిపిస్తోంది. ఇటు బల్ల దగ్గర ఆమె మొదటి చెంచా తీసుకుంది.

"అబ్బ, ఎంత బాగుందో" అంది. రెండో చెంచా కూడా తీసుకుంది.

నేను వెయిటర్ తలకాయ వంకే చూస్తున్నాను. అడ్డంగా ఊపితే బతికిపోయాను. అతను నిలువుగా ఊపాడు. ఊపుతూ వేళ్లు ముడిచి, నూరినట్టు చేత్తో తిప్పి చూపించాడు.

మా ఆవిడ పరుగున వచ్చింది. మాట కూడా చెప్పకుండా ఆమె ముందున్న ప్లేటు లాగేసింది. చెంచా కింద పడింది. "నో ఈట్! నట్! నట్!" అంటోంది. బాసు మొహం ఎర్రబడింది, ఇదేం మర్యాద అన్నట్టు నా వంక చూశాడు. అప్పటికే ఆయన భార్య చెయ్యి మెడ మీదికి వెళ్లింది. ఒకసారి దగ్గింది. నీళ్లు తాగబోయి ఆగిపోయింది. చూస్తుండగానే కింది పెదవి ఉబ్బింది, మెడ మీద దద్దుర్లు లేచాయి. ఏదో అనబోతే గొంతు బొంగురుగా, ఎవరిదోలాగా వచ్చింది.

ఆస్పత్రి నాలుగు సిగ్నళ్ల అవతలే ఉంది. అంబులెన్సు కోసం ఆగనని బాసు ఆమెను దాదాపు ఎత్తుకుని కారులో వేశాడు. వెనక సీట్లో మా ఆవిడ ఆమెను గుండెలకు ఆనించుకుని కూర్చుంది. ఎన్ని చెంచాలు తిన్నదని తను వచ్చీరాని ఇంగ్లీషులో అడిగితే, రెండని బాసు చెప్పాడు. నేను ముందు సీట్లో ఉన్నాను. ఎర్ర లైటు దగ్గర కూడా ఆయన ఆపలేదు. వెనక నుంచి ఊపిరి ఈలలాగా వినిపిస్తోంది. ఆ ఈల ఎక్కడ ఆగిపోతుందోనని చెవులు రిక్కించుకుని విన్నాను. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

ఎమర్జెన్సీలో ఆమెను చక్రాల మంచం మీద లోపలికి తీసుకెళుతూ డాక్టరు, "ఏం తిన్నది?" అని అడిగాడు.

"ఇండియన్ ఫుడ్" అన్నాడు బాసు.

"అంటే ఏమిటి? అందులో ఏముంది?"

బాసు నా వైపు తిరిగాడు. డాక్టరూ తిరిగాడు, నర్సూ తిరిగింది. ముగ్గురూ ఇండియావాడి వంక చూస్తున్నారు. నేను నోరు తెరిచాను. కొబ్బరి అని రాబోయింది. నిజంగానే, ఆ క్షణంలో కూడా.

"క్యాష్యూ" అంది మా ఆవిడ నన్ను పక్కకు నెట్టి. "గ్రౌండ్. మచ్. ఆల్మండ్ ఆల్సో. మిల్క్, క్రీమ్. టూ స్పూన్, ఓన్లీ టూ. ఐ ఆస్క్ ది మాన్." తను అంత గట్టిగా ఇంగ్లీషు మాట్లాడటం నేను ఎన్నడూ వినలేదు. డాక్టరు ఆ మాటలు అందుకుని లోపలికి పరుగెత్తాడు.

బయట కుర్చీల్లో గంటకు పైగా కూర్చున్నాం. బాసు నేల వంక చూస్తూ కూర్చున్నాడు. ఉండబట్టలేక నేనే, "ఇండియాలో దీన్ని ఇలా చేయరు. ఇక్కడివాళ్లు మార్చేశారు" అన్నాను. ఆయన తల ఎత్తలేదు. మా ఆవిడ నా వంక ఒకసారి చూసి, గోడ వైపు తిరిగింది. ఆ మాట నోట్లోంచి వచ్చినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

గండం గడిచిందని నర్సు వచ్చి చెప్పింది. లోపలికి వెళ్లాం. ఆమె దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. పెదవులు ఇంకా ఉబ్బే ఉన్నాయి, కళ్ల చుట్టూ ఎరుపు. చెయ్యి చాపి మా ఆవిణ్ణి దగ్గరికి రమ్మంది. బొంగురు గొంతుతో మెల్లిగా అడిగింది.

"నేను తినక ముందు నువ్వు మీ ఆయనతో ఏదో అన్నావు. రెండుసార్లు అన్నావు. ఏమన్నావు?"

బడిపంతులమ్మ కదా, పిల్లల గుసగుసలు కనిపెట్టడం అలవాటు. మేం తెర అనుకున్నదాని వెనక ఏదో జరుగుతోందని ఆమెకు భాష రాకుండానే తెలిసిపోయింది.

మా ఆవిడ ఆ చాపిన చెయ్యి పట్టుకుంది. నా వంక చూసింది. ఆ చూపులో కోపం లేదు, బతిమాలడమూ లేదు. కనిపెట్టుకుని చూస్తోంది, అంతే. ఆ గదిలో తెలుగు తెలిసినవాళ్లం ఇద్దరమే. నీళ్లు కావాలని అడిగిందండీ అంటే అయిపోయేది. మా ఆవిడ కాదనేది కాదు. ఆ సంగతి నాకు ఖాయంగా తెలుసు.

"వెయిటర్ని అడగమంది" అన్నాను. "ఆ కూరలో జీడిపప్పు వేస్తారని చెప్పింది. మొదటిసారి ఊరుకోమన్నాను. రెండోసారి నోరు మూసుకోమన్నాను. ఆ కూర నేను జన్మలో తినలేదు. ఆ కార్డులో ఉన్నవేవీ మా ఇంట్లో ఎవరూ వండరు. తెలియదని చెప్పడానికి నామోషీ వేసింది."

బాసు లేచి గదిలోంచి వెళ్లిపోయాడు. గ్రీన్‌కార్డు అక్కడితో సరి అనుకున్నాను. ఆ కాగితాల మీద ఆయన తర్వాతెప్పుడో సంతకం పెట్టాడు, సెక్రటరీ చేత పంపించాడు. ఆఫీసులో మళ్లీ నా టేబుల్ దగ్గరికి తిండి కబుర్లు చెప్పడానికి రాలేదు. కానీ ఆ గదిలో నాకు ఇవేవీ తెలియవు. గుమ్మం దగ్గర నిలబడి, ఆమె నన్ను తిడుతుందని ఎదురుచూశాను.

ఆమె నా వంక చూడనే లేదు. మా ఆవిడ చెయ్యి వదలకుండా, "మరి నీకెలా తెలిసింది? మీ ఇంట్లో చేస్తారా? మీ ఇంట్లో ఇంకా ఏమేం వండుతారు?" అని అడిగింది.

మా ఆవిడ మంచం అంచున కూర్చుంది. వచ్చీరాని ఇంగ్లీషులో మొదలుపెట్టింది. పక్కింటి ముస్లింల ఇంట్లో పెళ్లికి వండిన కుర్మా గురించి, ఆ ఇంటావిడ దగ్గర వాళ్లమ్మ అది నేర్చుకోవడం గురించి చెప్పింది. పచ్చిపులుసులోకి మిరపకాయలు నిప్పుల మీద కాలుస్తుంటే ఇల్లంతా తుమ్మేదట. వాళ్ల నాన్న సర్వపిండి మాడిన అంచు కోసం పిల్లలతో పోట్లాడేవాడట. మాట దొరకని చోట చేతులతో చూపించింది, ఒకచోట నవ్వింది కూడా. నేను గుమ్మం దగ్గరే నిలబడి విన్నాను. నాలుగేళ్ల కాపురంలో ఆ సంగతులేవీ నాకు తెలియవు, నేను ఒక్కసారి కూడా అడగలేదు.